పాత అంబాసిడర్‌కు ఐదో గేర్: ఏం చేస్తుంది, ఏం చేయదు

నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ వైపు వెళ్తుంటే పాత అంబాసిడర్‌లో 80 అందుకోగానే మాటలు ఆగిపోతాయి. పక్కవాళ్లు చెప్పేది వినపడదు. ఇంజన్ ఒకటే అరుపు. వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంటే డ్రైవర్ ఎడమ చెయ్యి తెలియకుండానే స్టీరింగ్ పక్కనున్న గేర్ రాడ్ మీదికి పోతుంది. ఇంకొక్క గేర్ ఉంటే బాగుండు అనిపిస్తుంది. లేదు, నాలుగుతోనే సరి.

మా మామయ్య దగ్గర ఏపీ 24 నంబరుతో 1990 నాటి పెట్రోల్ అంబాసిడర్ ఉంది. ఈ మధ్య పాత కార్లను బాగుచేయించుకుని తిప్పే సరదా మళ్లీ పెరిగింది. దాంతోపాటే "ఐదు గేర్ల బాక్సు ఎక్కించు" అనే సలహా కూడా. నల్లగొండలో ఒక మెకానిక్ మామయ్యతో అన్న మాట ఇది: "ఐదో గేర్ పడ్డదంటే బండి గాలి లెక్క పోతది సార్." మామయ్య నా వైపు తిరిగి, "నిజంగ పోతదా అల్లుడూ?" అని అడిగారు. అంత తేలిగ్గా జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదది.

గేర్ అంటే అడుగుల లెక్క

చెర్వుగట్టు జాతరకు తండ్రి చెయ్యి పట్టుకుని నడిచే పిల్లవాణ్ని ఊహించుకోండి. తండ్రి ఒక అడుగు వేస్తే వాడు మూడు నాలుగు వేయాలి. కారులో ఇంజన్ ఆ పిల్లవాడు. వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ తండ్రి. మొదటి గేర్‌లో షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలంటే ఇంజన్ దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ. గేర్ పెంచినకొద్దీ ఈ తేడా తగ్గుతూ వస్తుంది. ఈ తేడానే రేషియో అంటారు.

అంబాసిడర్, పద్మిని లాంటి పాత నాలుగు గేర్ల కార్లలో నాలుగో గేర్ రేషియో సరిగ్గా 1. ఇంజన్ ఒక చుట్టు, షాఫ్ట్ ఒక చుట్టు. మెకానిక్‌లు దీన్నే డైరెక్ట్ అంటారు. ఐదో గేర్ సాధారణంగా 0.8 నుంచి 0.85 మధ్య ఉంటుంది. అంటే షాఫ్ట్ వంద చుట్లు తిరగడానికి ఇంజన్ 80 నుంచి 85 చుట్లు తిరిగితే చాలు. దీని పేరు ఓవర్‌డ్రైవ్.

ఇక్కడే ఒక తికమక ఉంది. ఐదు గేర్లు ఉన్న ప్రతి బాక్సులోనూ ఓవర్‌డ్రైవ్ ఉండాలనేమీ లేదు. కొన్నింట్లో, ముఖ్యంగా రేసుల కోసం చేసినవాటిలో, ఐదో గేరే డైరెక్ట్. కింది నాలుగు గేర్లనూ దగ్గర దగ్గరగా పేర్చి ఉంటారు. అలాంటి బాక్సు పెడితే హైవే మీద ఇంజన్ అరుపు వీసమెత్తు తగ్గదు. కాబట్టి గేర్లు ఎన్ని అని కాదు, చివరి గేర్ రేషియో ఎంత అని అడగాలి.

80 మీద లెక్క వేసి చూద్దాం

లెక్క తేలిగ్గా ఉండటానికి రెండు అంకెలు అనుకుందాం. చక్రం ఒక చుట్టు తిరిగితే కారు 2 మీటర్లు వెళ్తుంది. షాఫ్ట్ తిప్పుడును వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌లో క్రౌన్–పినియన్ అనే పళ్ల చక్రాల జత ఉంటుంది, దాని రేషియో 4.55, అంటే చక్రం ఒక చుట్టుకు షాఫ్ట్ నాలుగున్నర చుట్ల పైమాట. మీ కారులో ఈ అంకెలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

గంటకు 80 కిలోమీటర్లంటే 80,000 మీటర్లు. గంటకు చక్రం 40,000 చుట్లు, నిమిషానికి సుమారు 667. దాన్ని 4.55తో గుణిస్తే 3,033. నాలుగో గేర్‌లో ఇంజన్ కూడా అంతే తిరుగుతుంది. ఐదో గేర్ 0.85 అయితే 2,578కి దిగుతుంది. నిమిషానికి 455 చుట్లు తగ్గినట్టు. చెవికి తెలిసే తేడా ఇది. పక్కవాళ్లతో మళ్లీ మాట్లాడుకోవచ్చు.

60 మీద చూస్తే నాలుగులో 2,275, ఐదులో 1,934. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

బలం ఎక్కడి నుంచి వస్తుంది

గేర్ బాక్సు బలాన్ని పుట్టించదు. ఇంజన్ ఇచ్చినదాన్ని వేగంగానో లాగుడుగానో మార్చి ఇస్తుంది, అంతే. ఐదో గేర్‌లో ఇంజన్ చుట్లు 15 శాతం తగ్గాయంటే, ఇంజన్ అంతే తిప్పుడు బలం ఇస్తున్నా చక్రం దగ్గర లాగుడు కూడా 15 శాతం తగ్గినట్టే. "గాలి లెక్క పోతది" అనే మాట ఇక్కడే బోర్లా పడుతుంది. 1.5 లీటర్ పెట్రోల్ అంబాసిడర్ ఇంజన్ శక్తి 50 హార్స్ పవర్ చిల్లర. ఆ పాత బ్రిటిష్ ఇంజన్ తిప్పుడు బలం దాదాపు 2,400 చుట్ల దగ్గర గట్టిగా ఉంటుంది. 80 మీద ఐదో గేర్‌లో 2,578 అంటే ఇంజన్ హాయిగా ఉండే చోటే. 60 మీద 1,934 అంటే మూలుగు మొదలైనట్టు. యాక్సిలరేటర్ తొక్కినా బండి చురుగ్గా ముందుకు దూకదు.

అంటే ఇలాంటి కారులో ఐదో గేర్ 70కి పైన, చదునైన రోడ్డు మీద పనికొచ్చే వస్తువు. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద, లేదా జడ్చర్ల దాటాక భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు మీదుగా కృష్ణ దాకా సాగే బెంగళూరు హైవే మీద దాని అవసరం తెలుస్తుంది. నల్లగొండ నుంచి హాలియా, సాగర్ వైపు ఊరికో స్పీడ్ బ్రేకర్ ఉన్న రోడ్డు మీద రోజంతా తిరిగినా అది ఎన్నిసార్లు పడుతుందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

శ్రీశైలం దారిలో సంగతి ఇంకోలా ఉంటుంది. మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి వెళ్లి, దోమలపెంట నుంచి కృష్ణ దాకా దిగే ఘాట్‌లో ఐదో గేర్ ఊసే ఉండదు. అక్కడ తేలేది కొత్త బాక్సులో రెండో గేర్, మూడో గేర్ ఎలా ఉన్నాయనేదే. పాత బాక్సులో రెండో గేర్ 2.25, కొత్తదాంట్లో 1.97 అనుకోండి. రెండో గేర్‌లో లాగుడు సుమారు 12 శాతం తగ్గిపోయింది. తిరుగు ప్రయాణంలో ఆరుగురు కూర్చుని ఎక్కుతుంటే పదే పదే మొదటి గేర్‌కు రావాల్సి వస్తుంది. ఐదో గేర్ కోసం బాక్సు మార్చేవాళ్లు చాలామంది చూడకుండా వదిలేసేది ఇదే. కొత్త గేర్ ఒక్కటే రాదు, మిగతా నాలుగూ మారిపోతాయి.

న్యాయంగా చెప్పాలంటే ఆ మార్పుతో లాభం కూడా ఉంది. పాత అంబాసిడర్, పద్మిని బాక్సుల్లో మొదటి గేర్‌కు సింక్రోమెష్ లేదు. అంటే తిరుగుతున్న రెండు పళ్ల చక్రాల వేగాన్ని ముందుగా కలిపి గేర్ మెత్తగా పడేలా చేసే ఇత్తడి రింగు ఆ గేర్‌కు ఉండదు. బండి పూర్తిగా ఆగకముందే మొదటి గేర్ వేస్తే కరకరమంటుంది. తర్వాతి కాలపు ఐదు గేర్ల బాక్సుల్లో ముందుకు వెళ్లే గేర్లన్నింటికీ సాధారణంగా సింక్రో ఉంటుంది. ఊళ్లో, సంతలో, పెళ్లి ఊరేగింపులో నడిపేవాళ్లకు ఐదో గేర్ కంటే ఈ మెత్తని మొదటి గేరే ఎక్కువ సుఖమేమో అని నాకనిపిస్తుంది.

ఏ బండి బాక్సు దీనికి సరిపోతుంది

ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలు లాగే రకం. వాటిలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది. గేర్ బాక్సు, డిఫరెన్షియల్ ఒకే డబ్బాలో ఉంటాయి. వాటి బాక్సు అంబాసిడర్‌కు పనికిరాదు. కావలసింది ఇంజన్ బండి పొడవునా ఉండి, వెనక చక్రాలు తిరిగే బండి బాక్సు.

కంపెనీయే ఈ పని ఒకసారి చేసింది. 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కు జపాన్ కంపెనీ ఇసుజు వాళ్ల 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్ల బాక్సు, కింద గేర్ రాడ్ ఇచ్చింది. అందుకే అంబాసిడర్ వాళ్లు ముందుగా వెతికేది ఆ ఇసుజు సామానునే. అదే కంపెనీ కాంటెస్సా కారులోనూ ఇసుజు ఇంజన్‌కు ఐదు గేర్ల బాక్సు వచ్చింది. చిక్కేమిటంటే ఆ బాక్సు ఆ ఇంజన్‌కు జోడీ. పాత 1.5 లీటర్ ఇంజన్‌ను ఉంచుకుని బాక్సు ఒక్కటే తెస్తే ముందు అతుకు కుదరదు. పద్మిని వాళ్లలో కొందరు మారుతి జిప్సీ వైపు చూస్తారు. తర్వాతి జిప్సీల్లో ఐదు గేర్లు ఉన్నాయి. నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అందులో విడిగా ఉంటుంది కాబట్టి గేర్ బాక్సును ఒంటరిగా తీసుకోవచ్చు.

అంబాసిడర్ ఇంజన్ కుటుంబానికే చెందిన ఇంజన్ ఉన్న ఎంజీబీ అనే స్పోర్ట్స్ కార్లకు బ్రిటన్‌లో ఈ పని మామూలైపోయింది. ఫోర్డ్ సియెర్రాల్లో వచ్చిన టైప్ 9 అనే ఐదు గేర్ల బాక్సును వాటికి తగిలించే కిట్లు తయారుగా దొరుకుతాయి. దాని ఐదో గేర్ సుమారు 0.82. అక్కడ పెట్టె విప్పి బిగించుకుంటారు. ఇక్కడ అలాంటి పెట్టె రాదు. ప్రతి ముక్కా లేత్ షాపులో పుట్టాల్సిందే.

బిగించడంలో అసలు పని ఎక్కడుంది

గేర్ బాక్సు కొనడం సగం పని అనుకుంటారు. నిజానికి పావు పని కూడా కాదు.

ఇంజన్ వెనక, గేర్ బాక్సు ముందు గంట ఆకారంలో ఉండే తొడుగును బెల్ హౌసింగ్ అంటారు. పాత ఇంజన్ బోల్టు రంధ్రాలు ఒక చోట, కొత్త బాక్సువి ఇంకో చోట ఉంటాయి. మధ్యలో మందమైన అల్యూమినియం లేదా ఉక్కు పలక పెట్టి రెండింటినీ కలపాలి. రంధ్రాలు కలవడం తేలికే. కష్టమంతా మధ్య గీత కలవడంలో ఉంది. ఇంజన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్, ఆ తిప్పుడును అందుకునే గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకే సూటి గీత మీద ఉండాలి. తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటితే గొడవ మొదలవుతుంది. దాన్ని చూడటానికి డయల్ గేజ్ అనే పరికరం ఉంటుంది. క్రాంక్‌కు బిగించి, చేత్తో ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పుతూ, హౌసింగ్ లోపలి రంధ్రం అంచు మీద ముల్లు ఎంత కదులుతుందో చూస్తారు.

నాకు తెలిసిన ఒకరు మిర్యాలగూడ దగ్గర తన కారుకు ఇలాగే చేయించుకున్నారు. పలకను వెర్నియర్‌తో కొలిచి కోశారు, డయల్ గేజ్ పెట్టలేదు. మొదటి రోజు వెన్నలా నడిచింది. నాలుగు వందల కిలోమీటర్లు తిరిగేసరికి న్యూట్రల్‌లో సన్నగా ఏడుపు వినిపించింది, క్లచ్ తొక్కితే ఆగిపోయేది. విప్పితే ముందు బేరింగ్ గోళీల మీద నల్లటి మరకలు. క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్లు ఒక పక్కకే అరిగి, గోరు పెట్టి గీస్తే అంచు తగులుతోంది. బాక్సులో తప్పేమీ లేదు. అది ఇంజన్‌కు కొంచెం వంకరగా కూర్చుంది, అంతే.

క్లచ్ ప్లేటు కూడా కలగాపులగమే. బయటి చుట్టుకొలత ఇంజన్ వెనకుండే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు సరిపోవాలి. లోపలి పళ్లు కొత్త బాక్సు షాఫ్ట్‌కు సరిపోవాలి. ఒకదాని హబ్, అంటే మధ్య పళ్ల భాగం తీసి ఇంకోదానికి రివెట్లు కొట్టి ఇచ్చేవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో దొరుకుతారు. క్రాంక్ చివరి గుంటలో ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు కూర్చునే చిన్న గన్‌మెటల్ బుష్‌ను (గొట్టంలాంటి ముక్క) కొత్త కొలతకు లేత్ మీద తిప్పించాలి. అరచేతిలో పట్టే ఈ ముక్క లేకుండా బిగిస్తే మిగతా ఖర్చంతా నీళ్లపాలే.

వెనక వైపు కొత్త బాక్సు పొడవు వేరు కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోసి, అతికి, బ్యాలెన్స్ చేయించాలి. అంబాసిడర్ వెనక కమాను పట్టీల మీద నడుస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద పట్టీలు నొక్కుకున్నప్పుడు షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగాలి. ఆ జరగడానికి చోటు వదలకపోతే మొదటి పెద్ద గుంతలోనే షాఫ్ట్ వెళ్లి బాక్సును గుద్దుతుంది. షాఫ్ట్ రెండు చివర్లా కీళ్లలా పనిచేసే క్రాస్‌లు ఒకే వరుసలో ఉండాలి, బాక్సు వంపు, వెనక పినియన్ వంపు ఒకదానికొకటి సరిపోవాలి. లేకపోతే 60 దాటగానే సీటు కింద వణుకు. దాన్ని చాలామంది టైర్ బ్యాలెన్స్ లోపం అనుకుని టైర్ల షాపు చుట్టూ తిరుగుతారు.

మిగిలినవి చిన్నవి. బాక్సు కింద కొత్త అడ్డపట్టీ, అవసరమైతే గేర్ రాడ్ కోసం కారు నేల మీద కోత, ఆ బాక్సు తయారీదారు చెప్పిన గ్రేడు ఆయిల్. స్పీడోమీటర్ తీగ కూడా బాక్సు నుంచే వస్తుంది. లోపలి చిన్న పళ్ల చక్రం మారితే మీటరు అబద్ధం చెబుతుంది. దాన్ని పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. హైవే మీద ముల్లును 80 దగ్గర నిలిపి ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కవాళ్లను చూడమనండి. 45 పడితే మీటరు నిజం చెబుతోంది. 50 పట్టిందంటే మీరు వెళ్తున్నది 72 మాత్రమే.

బాక్సు ముట్టకుండానే చుట్లు తగ్గించవచ్చా

తగ్గించవచ్చు. వెనక క్రౌన్–పినియన్ మారిస్తే చాలు. 4.55కు బదులు 4.1 రేషియో ఉన్నది కుదిరితే 80 మీద నాలుగో గేర్‌లోనే ఇంజన్ 2,733కు వస్తుంది. నేల కోయనక్కర్లేదు, షాఫ్ట్ ముట్టనక్కర్లేదు. చెల్లించాల్సిన మూల్యం ఏమిటంటే అన్ని గేర్లూ ఒకేలా బరువెక్కుతాయి. రివర్స్‌లో ఎత్తు మీదికి ఎక్కించడం, జనంతో నిండిన బండిని ఎత్తు మీద నుంచి కదిలించడం కష్టమై క్లచ్ కాలుతుంది. హైవే మీదే ఎక్కువ తిరిగే, ఇద్దరు ముగ్గురే కూర్చునే కారుకు ఇది తెలివైన దారి. ఊరంతా ఎక్కే కారుకు కాదు.

పెట్రోల్ మిగులుతుందా

చుట్లు 15 శాతం తగ్గితే పెట్రోల్ కూడా 15 శాతం తగ్గుతుందనుకోవడం పొరపాటు. అదే వేగంలో గాలిని చీల్చడానికి కావలసిన శక్తి మారదు. తగ్గేది ఇంజన్ లోపలి రాపిడి, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ మూత సగం మూసి ఉన్నప్పుడు దాని గుండా గాలి పీల్చుకునే శ్రమ. కొంత మిగులుతుంది, అదీ హైవే మీదే.

ఖర్చుతో పోల్చి చూద్దాం, అన్నీ అనుకున్న అంకెలే. ఏడాదికి 3,000 కిలోమీటర్లు, లీటరుకు 10 కిలోమీటర్లు. అంటే 300 లీటర్లు. మైలేజీ 10.7కు పెరిగితే 280 లీటర్లు. లీటరు 108 రూపాయల లెక్కన ఏడాదికి మిగిలేది 2,160. పని మొత్తానికి 60,000 అయితే ఆ డబ్బు తిరిగి రావడానికి 28 ఏళ్లకు కాస్త తక్కువ. ఈ పనిని పొదుపు కోసం చేయించుకోమనేవాళ్ల మాట నమ్మొద్దనే నేను అంటాను. చెవుల కోసం, నడిపే సుఖం కోసం అయితే అది వేరే లెక్క.

ఆర్సీ, చట్టం, పాతకారు నియమం

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే సెక్షన్ మీద తీర్పు చెబుతూ ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణ చట్టంతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని విధంగా భాగాలు మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది.

దీన్ని చదివేవాళ్లు రెండు పక్షాలు. ఆర్సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, ఇంధనం, సీట్లు ఉంటాయి కానీ గేర్ల సంఖ్య ఉండదు కదా, గేర్ బాక్సు మారిస్తే ఏ వివరం మారినట్టు అంటారు ఒక పక్షం. తయారీదారు ఇచ్చిన రూపం నుంచి బండి తప్పుకుందా లేదా అన్నదే అసలు ప్రశ్న, నేల కోసి కొత్త పట్టీలు అతికితే తప్పుకున్నట్టే అంటారు రెండో పక్షం. మొదటి వాదనలో పస ఉంది, కానీ ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ బండి కింద టార్చి వేసి చూసే రోజు అది ఎంతవరకు నిలబడుతుందన్నది వేరే సంగతి. ఇసుజు ఇంజన్‌తో సహా మారిస్తే ఈ సందేహానికి చోటే లేదు. ఇంజన్ నంబరు, సీసీ మారాయి, రవాణా శాఖ అనుమతి లేకుండా అది కుదరదు.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు ఇంకో కోణం. 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉండి, పెద్ద మార్పులేవీ జరగని బండికే ఆ గుర్తింపు, వీఏ అక్షరాలతో నంబరు. 1970ల నాటి పద్మిని ఉన్నవాళ్లు ఇప్పుడు నేల కోయించుకుంటే రేపు ఆ తలుపు మూసుకుపోవచ్చు. 1990 నాటి కారుకు ఆ రోజు రావడానికి 2040 దాకా ఆగాలి.

మూలరూపం వాళ్లు, రోజూ నడిపేవాళ్లు

పాతకార్ల వాళ్లలో దీనిమీద పెద్ద వాదనే ఉంది. స్టీరింగ్ పక్కన గేర్ లేకపోతే అది అంబాసిడరే కాదంటారు కొందరు. వాళ్ల మాటలో నిజముంది. అమ్మకానికి పెట్టినప్పుడు, పోటీకి నిలబెట్టినప్పుడు విలువ మూలరూపానికే. షెడ్డులో నిలబెట్టి పూజ చేసేకన్నా చిన్న మార్పు చేసి రోజూ తిప్పడమే కారుకు గౌరవమంటారు ఇంకొందరు. ఇద్దరూ ఒప్పుకునే చోటు ఒకటుంది. తీసిన పాత బాక్సును, షాఫ్ట్‌ను, రాడ్లను అమ్మేయకుండా నూనె రాసి దాచడం. ఎప్పుడైనా వెనక్కి వెళ్లాలనుకుంటే దారి ఉంటుంది. నేల కోయకుండా ఎక్కే బాక్సు దొరికితే ఆ దారి ఇంకా తేలిక.

ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి మామయ్యకు చూపించాను. ఆయన 28 ఏళ్ల దగ్గర ఆగి నవ్వారు. తర్వాత కారు దగ్గరికి వెళ్లి ముందు తలుపు తీసి, ఒకటే పొడుగు సీటును, దాని మధ్యలో కాళ్లు పెట్టుకునే చోటును కాసేపు చూశారు.

"గేర్ రాడ్ ఈడికొస్తదా?"

"అవును మామా. సరిగ్గా అక్కడికే."

"మరి మీ అత్త యాడ కూసుంటది?"